కొలవడం, తూచడం ఒకటేనా?

వారం నుంచి అడగాలనుకుంటున్నానండీ. ఈమధ్య వంటల అనువాదాల్లో "200 గ్రాముల పిండి కొలుచుకోండి" అని రాస్తున్నారు, అది చదవగానే నాకు పంటికింద రాయి పడ్డట్టు ఉంటోంది. గ్రాములంటే తూచాలి కదా. కొలిచేది గిన్నెతో, తూచేది తక్కెడతో, ఆ తేడా మన క్రియల్లోనే ఉంది, దాన్ని మనమే చెరిపేసుకుంటున్నాం.

ఇది వట్టి మాటల పట్టింపు కాదండీ. పోయిన నెల నేనే ఒక కేక్ రెసిపీ తెలుగు చేస్తూ "8 ఔన్సుల మైదా" అన్నచోట ఒక కప్పు అని రాసేశాను, ఎందుకంటే అమెరికా కప్పుకి 8 ఔన్సులని గుర్తు. అది ద్రవాల ఔన్సు, సుమారు 29.57 మిల్లీలీటర్లు. రెసిపీలో ఉన్నది తూకం ఔన్సు, 28.35 గ్రాములు. నీళ్ళకైతే రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు, మైదాకి వచ్చేసరికి 227 గ్రాములు పడాల్సిన చోట 125 పడింది. మా చెల్లి చేస్తే పిండి మజ్జిగలా జారిపోయింది, పాపం తన చేతిదే తప్పనుకుంది.

జవాబు: మంచి పాయింట్ అండీ. కప్పుకి ఇన్ని గ్రాములని ఒకే లెక్క ఉంటే గొడవుండదు కదా?

ఉండదండీ అలాంటి లెక్క, సాంద్రత దేనిది దానిదే. అదే అమెరికా కప్పుతో నీళ్ళు 237 గ్రాములు, పంచదార 200, తేనె దాదాపు 340, మైదా 120-125. అదీ చెంచాతో వదులుగా పోసి అంచుకి గీస్తేనే. నిన్న అదే కప్పుని డబ్బాలో గుచ్చి తీసి తూస్తే 148 వచ్చింది, కప్పు మారలేదు పిండీ మారలేదు! పైగా కప్పు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు, మెట్రిక్ కప్పు 250 మిల్లీలీటర్లు, జపాన్‌లో 200.

జవాబు: మరి "సమపాళ్ళు" సంగతి? పిండి, పంచదార సమపాళ్ళలో అంటే ఏది సమానం?

అబ్బ, అసలు చిక్కంతా అక్కడే ఉందండీ! పాలు అంటే భాగం, కొలతో తూకమో ఆ మాట చెప్పదు. చెరో కప్పు వేస్తే పంచదార 200, పిండి 125, తూకంలో చూస్తే సమానమే కాదు. నేనైతే "తూకంలో సమపాళ్ళు" అని విడమరిచి రాయాలంటాను. ఇంకా క్లుప్తంగా కావాలంటే "ఎత్తు" ఉంది. ఎత్తు అంటే పొడవే కాదు, బరువు కూడా, రూపాయెత్తు అనేవాళ్ళు చూడండి. "అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు" అన్నప్పుడు నాకు తక్కెడ రెండు పళ్ళేలే కళ్ళముందు కనపడతాయి. "పిండికి సమాన ఎత్తు పంచదార" అంటే ఎంత చక్కగా ఉంది!

జవాబు: బాగుంది కానీ ఇప్పటివాళ్ళు పంచదారని పిండి కుప్పంత పొడవు పోస్తారేమో 🙂 "తూకం"తోనే పోనివ్వండి. అంచుకి గీసిన కప్పుకి మాత్రం "తలకొట్టిన కప్పు" అనే మాట ఉందండీ.

తలకొట్టిన కప్పు! ఇదే వెతుక్కుంటున్నానండీ ఇన్నాళ్ళూ. ఇవాళే ఆ రెసిపీలో "మైదా 227 గ్రాములు, తూచి" అని దిద్దుతున్నా, కప్పులు రాసిన చోటల్లా తలకొట్టిన కప్పు అని పెడుతున్నా.