చూడి పిల్లికి నెలలు నిండాయి: రొప్పుతున్నది నొప్పులకా, ఎండకా?

తుమ్మలపెంట తీరం (కావలి)

నాటు పిల్లి, ఏడాదిన్నర వయసు, తొలి ఈత. మార్చి 22న ఇల్లు దాటి పోయి 24న తిరిగొచ్చింది. ఆ తర్వాత గడప దాటనివ్వలేదు. ఇవాళ మే 24. వారం కిందట తీసిన ఎక్స్‌రేలో నాలుగు పిల్లలు కనపడ్డాయి. నిన్నటి నుంచి తిండి సగానికి తగ్గింది. చనుమొన నొక్కితే తెల్లగా పాలచుక్క వస్తోంది. బీరువా కింద, బట్టల మూటల్లో దూరి కాళ్లతో గీరుతోంది. నోరు తెరిచి రొప్పుతోంది కూడా, కానీ ఈ రోహిణి ఎండకి మనుషులే రొప్పుతున్నారు. పొద్దున టెంపరేచర్ 101, సాయంత్రం 99.4.

రొప్పడం దేనికో ఎట్టా తెలుసుకోవాలి? నొప్పులు మొదలయ్యాక ఎంతసేపు ఊరుకోవచ్చు? పిల్లికి ఆపరేషన్ అంటే ఈడ్నుంచి నెల్లూరు పోవాలి, 60 కిలోమీటర్లు. ఏ ఘడియకి బండెక్కాలో ముందే తేల్చుకుందామని అడుగుతున్నా.

ఒంగోలు వెట్

ముందు రోజుల లెక్క. పిల్లికి జత కట్టాకే అండాలు విడుదలవుతాయి, అది కూడా ఒకటి రెండు రోజుల తర్వాత. అందుకని మీరు 22 నుంచి కాకుండా 24 నుంచి లెక్కేయండి. అలా చూస్తే ఇవాళ 61వ రోజు. ఎక్కువ పిల్లులు 63-67 రోజుల్లో ఈనుతాయి కాబట్టి మీకు 26 నుంచి 30 లోపల. రెండు రోజులు ముందు జరిగినా కంగారు లేదు. జూన్ 2కి 70 నిండుతాయి. అప్పటికీ ఏమీ లేకపోతే స్కానింగ్ చేయించి పిల్లల గుండె చూడాలి. నిమిషానికి 200 పైన కొట్టుకుంటే నిశ్చింత, 180 కిందికి దిగితే లోపల పిల్లలు ఇబ్బందిలో ఉన్నట్టు.

టెంపరేచర్ మామూలుగా 100.5 నుంచి 102.5 ఉంటుంది. ఈనే ముందు 99 దగ్గరికి పడుతుంది, పడిన 12-24 గంటల్లో నొప్పులు రావచ్చు. మీ 99.4 ఆ దారిలోనే ఉంది. ఒక్క రీడింగ్‌తో తేల్చకండి, కొన్ని పిల్లుల్లో ఈ తగ్గుదల అసలు కనపడదు.

రొప్పడానికి పరీక్ష తేలిక. చల్లటి గచ్చు మీదికి, ఫ్యాన్ కిందికి మార్చి పావుగంట చూడండి. ఎండ వల్లయితే తగ్గిపోతుంది. నొప్పులయితే విడతలు విడతలుగా వస్తుంది: రొప్పుతుంది, ఆగుతుంది, వెనక భాగం నాకుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, మధ్యలో గొంతులో గుర్రుగుర్రుమంటుంది. గుర్రుమంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోవద్దు, పిల్లి నొప్పికీ గుర్రుమంటుంది. చిగుళ్లు పాలిపోయి, నీరసంగా పక్కకి ఒరిగి, టెంపరేచర్ 104 దాటితే అది వడదెబ్బ. తడిగుడ్డతో పాదాలు, పొట్ట తుడుస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక గడియారం. ఈ అలజడి దశ 6 నుంచి 12 గంటలు, తొలి ఈతకి 24 దాకా సాగవచ్చు. అప్పుడు చేయాల్సిందేమీ లేదు. అసలు లెక్క పొట్ట బిగించి ముక్కడం కంటికి కనపడ్డప్పుడు మొదలవుతుంది. ఆ నిమిషం కాగితం మీద రాసుకోండి. గట్టిగా, ఆగకుండా ముక్కుతూ అరగంటలో పిల్ల రాకపోతే బయల్దేరండి. మీకు దారిలోనే గంట పైన పోతుంది గనుక 20 నిమిషాలకే డాక్టరుకి ఫోన్ చేసి ఉంచండి. తొలి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనపడితే మాయ విడిపోయిందని అర్థం, అరగంట కూడా ఆగొద్దు. మొదటి పిల్ల పుట్టాక అదే పచ్చదనం కనపడితే మామూలే. ఎర్రటి తాజా రక్తం పది నిమిషాలకి మించి కారుతున్నా బయల్దేరాల్సిందే.

తోక, వెనక కాళ్లు ముందొచ్చినా బెదరొద్దు, పిల్లుల్లో అది సహజమే.

మూలపేట మీసాలు

డాక్టరుగారు చెప్పాక వైద్యం జోలికి పోను. గది, పెట్టె సంగతి చెబుతా, మన ఊళ్లలో కొంప ముంచేది అదే.

అట్టపెట్టె రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. తల్లి దిగేవైపు అంచు జానెడు ఎత్తుంచి కోయండి, కూనలు దొర్లి బయటపడవు. అడుగున న్యూస్ పేపర్లు నాలుగు పొరలు, పైన ఉతికిన పాత నూలు చీర ముక్క. టర్కీ టవల్ పరవకండి, దాని ఉచ్చుల్లో కూనల గోళ్లు ఇరుక్కుంటాయి. ఇప్పుడే పెట్టి అలవాటు చేయండి. అది బీరువా కిందే కావాలంటే పెట్టెని బీరువా దగ్గరికి జరపండి గానీ పిల్లిని పెట్టె దగ్గరికి ఈడ్చొద్దు. నచ్చని చోట ఈనితే ఏడిళ్లు తిప్పే పని మొదటి రోజే పెట్టుకుంటుంది.

చీమలు! ఉమ్మనీరు, మాయ వాసనకి ఎర్రచీమలు గంటలో బారు కడతాయి. కూన కళ్లు తెరవదు, తప్పించుకుపోలేదు, చీమలు కుట్టి చంపేస్తాయి. అలాగని చీమల మందు, చీమల చాక్‌పీసు గీతలు వాడితే పిల్లికే ప్రమాదం, వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ మందు పిల్లి ఒంటికి పడదు. పాత పద్ధతే మేలు: నాలుగు పళ్లేల్లో వేలెడు లోతు నీళ్లు, ఒక్కోదాంట్లో ఒక ఇటుక, పైన చెక్క, దాని మీద పెట్టె. పెట్టె గోడకి ఆనకుండా నాలుగంగుళాలు ఎడం. కరెంటు వైరు, కర్టెన్ కొస తగిలినా చీమకి వంతెన దొరికినట్టే. ఫినాయిల్‌తో గది తుడవడం ఇవాళ్టితో ఆపండి, అది కాళ్లకంటి, నాకినప్పుడు కడుపులోకి పోతుంది. సబ్బునీళ్లు చాలు.

కూలర్ గాలి నేరుగా పెట్టె మీదికి రాకూడదు. బయట 42 ఉన్నా తడి కూనకి గాలి తగిలితే ఒళ్లు చల్లబడుతుంది. తొలి వారం కూనల దగ్గర 29-32 డిగ్రీలు ఉండాలి, మన మే నెలకి బల్బు, హీటరు ఏదీ అవసరం లేదు. ఫ్యాన్ తిరిగే గది మూల చాలు.

చేతికందేట్టు ఉంచుకోవాల్సినవి: మెత్తని పొడిగుడ్డలు పది, మరిగించిన కత్తెర, నూలుదారం, పోవిడోన్ అయోడిన్, గ్లౌజులు, గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు, పిల్లికూనల పాలపొడి చిన్న డబ్బా, రాత్రి కరెంటు పోతే టార్చి. తిండి తినకపోతే బతిమాలొద్దు, నీళ్లు మాత్రం దగ్గరుంచండి. చేపల పులుసులో ముక్క తీసి పెట్టే అలవాటుంటే మానేయండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషమే. ఉప్పుచేప కూడా వద్దు. ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసిన చేప పెట్టండి.

గూటి దీపం

థర్మామీటర్ విషయంలో నాది వేరే మాట. రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. బెదురు పిల్లిని గంటగంటకీ పట్టుకుని వెనక నుంచి గుచ్చితే భయానికి నొప్పులే ఆగిపోతాయి. గదిలో నలుగురు గుమిగూడినా అంతే. ఒక్కరే ఉండండి, దూరంగా కూర్చోండి, ఫోన్ లైటు కంట్లో కొట్టకండి. అలజడి మొదలైనట్టు తెలిశాక థర్మామీటర్ పక్కన పెట్టేయొచ్చు, అది చెప్పాల్సింది చెప్పేసింది.

తుమ్మలపెంట తీరం

చీమల సంగతి అసలు తోచలేదు, ఇటుకలు తెచ్చిపెట్టా. ఇంకో రెండు. ఒక పిల్ల పుట్టి మధ్యలో ఆగిపోతే? నొప్పులు రాకపోతే సూది వేయించుకోమని, మందుల షాపులో దొరుకుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

ఒంగోలు వెట్

ఆ సూది ఆక్సిటోసిన్. ఇంట్లో ముట్టుకోవద్దు. పిల్ల అడ్డం తిరిగో, తల ఇరుక్కునో ఉన్నప్పుడు గర్భసంచిని బలవంతంగా బిగిస్తే సంచి చిరిగిపోతుంది. దారి తెరిచే ఉందని చూశాకే, పిల్లి బరువుని బట్టి చిన్న మోతాదులో డాక్టరు వేస్తారు. కాల్షియం సిరప్ కూడా ఇప్పుడు పోయొద్దు. ముందుగా పోస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంటికి మందగిస్తుంది, తీరా పాలిచ్చే రోజుల్లో రక్తంలో పడిపోతుంది. ఈనిన రెండు మూడు వారాల్లో వణుకు, కాళ్లు కొయ్యబారడం కనపడితే ఆ గంటే ఆసుపత్రికి.

పిల్లకీ పిల్లకీ మధ్య పది నిమిషాల నుంచి గంట మామూలు. రెండు గంటలు దాటి, లోపల పిల్లలున్నాయని తెలిసి, తల్లి నీరసంగానో అశాంతిగానో ఉంటే బండెక్కండి. అయితే పిల్లికి ఒక వింత వాటం ఉంది. సగం ఈని, తీరిగ్గా పడుకుని, పుట్టినవాటికి పాలిచ్చి, తిండి కూడా తిని, మళ్లీ 12-24 గంటల తర్వాత మిగతావి కంటుంది. తల్లి ప్రశాంతంగా ఉండి, ముక్కడం లేకపోతే అది విరామమే. మీకు ఎక్స్‌రే లెక్క ఉండటం అందుకే మంచిదైంది, ఆ ఫిల్ము జేబులో ఉంచుకోండి.

పొర చింపని కూనని ఒక నిమిషం చూసి మీరే ముక్కు దగ్గర చింపండి. నోరు, ముక్కు తుడిచి, తల కాస్త వాల్చి పట్టుకుని పొడిగుడ్డతో వీపు గరుగ్గా రుద్దండి. కొందరు కాళ్లు పట్టుకుని గిరగిరా ఊపుతారు, మెదడుకి దెబ్బ, చేయకండి. బొడ్డు తాడు తల్లి కొరక్కపోతే పొట్ట నుంచి అంగుళం దూరంలో దారం కట్టి, ముడికి అవతల కత్తిరించి అయోడిన్ అద్దండి. కూన సగం బయటికొచ్చి ఆగితే గుడ్డతో నడుము దగ్గర పట్టి, తల్లి ముక్కినప్పుడే కిందివైపు మెల్లగా లాగాలి. ఒక్క కాలు పట్టి లాగితే కీలు ఊడుతుంది.

మాయలు లెక్కపెట్టండి, నాలుగు కూనలకి నాలుగు. తల్లి తింటే తిననివ్వండి, రెండు దాటితే విరేచనాలవుతాయని కొందరు తీసేస్తారు. అదీ సరే. లెక్క తక్కువొచ్చి, తర్వాత తల్లికి జ్వరం, కుళ్లు వాసన ఉంటే గర్భసంచిలో చీము చేరినట్టు.

గూటి దీపం

తూకం మాట ఎవరూ చెప్పలేదు. పుట్టగానే సుమారు 100 గ్రాములుంటాయి, రోజుకి 10-15 పెరగాలి. రోజూ ఒకే వేళకి తూచండి. రెండో రోజు కూడా పెరగని కూనకి పాలు అందట్లేదు. పాలపొడి పట్టాల్సొస్తే ముందు ఒళ్లు వెచ్చబరచాలి, చల్లటి కూనకి పాలు అరగవు. బోర్లా ఉంచి, విడతకి 3-4 మిల్లీలీటర్లు, రెండు మూడు గంటలకోసారి. వెల్లకిలా పట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆవుపాలు వద్దు.

మూలపేట మీసాలు

రాత్రి బయల్దేరాల్సొస్తే తల్లిని బుట్టలో, పుట్టిన కూనల్ని పక్కనే వేరే చిన్న పెట్టెలో పెట్టండి. ఒకే బుట్టలో ఉంటే కుదుపులకి తల్లి వాటిమీద పడుతుంది. కారులో ఏసీ గాలి కూనల పెట్టె మీదికి రాకుండా చూసుకోండి. ఇంకోటి, పిల్లి ఈనాక కొన్ని వారాలకే, పాలిస్తూనే మళ్లీ ఎదకొస్తుంది. కూనలు పాలు మానేదాకా మగపిల్లి దరికి రాకుండా కిటికీలకి జాలీ కొట్టించి, మళ్లీ పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్‌కి తేదీ ఇప్పుడే అడిగిపెట్టుకోండి.