అప్‌డేట్: నాన్నగారికి రక్తం పలచబరిచే మందు మళ్ళీ మొదలుపెట్టారు

సబ్‌డ్యూరల్ హెమటోమాకి, అంటే మెదడు పైపొర కింద చేరిన రక్తానికి, ఆపరేషన్ అయ్యాక నాన్నగారికి ఆపిన వార్ఫరిన్ మళ్ళీ ఎప్పుడు వేయాలని అడిగాను కదా. న్యూరోసర్జన్, కార్డియాలజిస్టు మాట్లాడుకుని నిర్ణయించారు. నాకు అన్నిటికంటే ఊరటనిచ్చింది అదే. వేస్తే మళ్ళీ రక్తస్రావం భయం. వేయకపోతే, ఆయనకున్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) వల్ల గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి చేరి పక్షవాతం రావచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మరోసారి సీటీ స్కాన్ తీసి, కొత్తగా రక్తం చేరలేదని చూశాకే మొదలుపెట్టారు. అదీ వార్ఫరిన్ కాదు, అపిక్సబాన్. దీనితో మెదడులో రక్తస్రావం ముప్పు తక్కువ. కిడ్నీ పరీక్ష చూసి డోసు రాశారు. గుండెలో లోహపు కవాటం అమర్చినవారికి మాత్రం ఇది వాడరు, వాళ్ళకి వార్ఫరినే.

ఫైలు మీద డాక్టరుగారు ఎర్ర పెన్నుతో రాసిచ్చారు: తలనొప్పి పెరిగినా, మగత కమ్మినా, నడక తూలినా, మాట తడబడినా వెంటనే తీసుకురావాలి. అడగకుండా నొప్పి మాత్రలు వేయొద్దన్నారు. ఇంటికొచ్చి చూస్తే నాన్నగారి మందుల డబ్బాలో ఆస్పిరిన్ కలిసిన తలనొప్పి బిళ్ళలున్నాయి, తీసేశాను.

ఇప్పుడు బాగానే నడుస్తున్నారు. పడిపోతారేమోనన్న టెన్షన్ నాకింకా పోలేదు, అందుకే బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగించాం. మళ్ళీ స్కాన్ వచ్చే నెల.