హార్డ్‌లీ అంటే 'కష్టపడి' అని ఎందుకు కాదు?

అక్షరప్రియ:
ఈమధ్యే ఇంగ్లీష్ నవలలు చదవడం మొదలుపెట్టాను, ఒక్క మాట దగ్గర మాత్రం పదేపదే ఆగిపోతున్నాను. స్లో నుంచి స్లోలీ, క్విక్ నుంచి క్విక్‌లీ వచ్చినట్టే హార్డ్ నుంచి హార్డ్‌లీ వచ్చి ఉండాలి కదా, మరి 'హి హార్డ్‌లీ వర్క్స్' అంటే కష్టపడి పనిచేస్తాడు అని ఎందుకు కాదు? డిక్షనరీలో 'దాదాపు లేదు' అని ఉంది. ఆ అర్థం కొన్ని వాక్యాల్లో సరిపోతోంది, కొన్నిట్లో అస్సలు కుదరట్లేదు. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పదసంచారి:
'కష్టపడి' అనే అర్థానికి హార్డ్ ఒక్కటే చాలండి, లీ అక్కర్లేదు. 'హి వర్క్స్ హార్డ్' అంటే బాగా కష్టపడతాడు, 'హి హార్డ్‌లీ వర్క్స్' అంటే పనిచేయడం అంతంతమాత్రం. లేట్, లేట్‌లీ కూడా ఇలాంటి జంటే: మొదటిది ఆలస్యంగా, రెండోది ఈమధ్య.

పాతపుస్తకం:
మీ అనుమానంలో న్యాయం ఉంది, ఎందుకంటే పూర్వం ఈ మాటకు నిజంగానే గట్టిగా, ధైర్యంగా, కఠినంగా అనే అర్థాలు ఉండేవి. తర్వాత 'కష్టం మీద' అనే అర్థం వచ్చింది, 16వ శతాబ్దంలో ఇప్పటి అర్థం కనబడటం మొదలైంది. ఆ మార్పు ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. 'షి కెన్ హార్డ్‌లీ వాక్' అన్నప్పుడు మనం కూడా 'అతికష్టం మీద నడుస్తోంది' అంటాం, అంటే దాదాపు నడవలేకపోతోందనేగా! కష్టం మీద జరిగేది జరగనట్టే అనే చోటికి మాట మెల్లగా జారిపోయింది. నాకు ఇలాంటి పదాల ప్రయాణం చాలా ఇష్టం, అందుకే ఇంత రాశాను.

మీకు కుదరని వాక్యాలు బహుశా ఇలాంటివి అయ్యుంటాయి: 'దట్ ఈజ్ హార్డ్‌లీ సర్‌ప్రైజింగ్', 'దిస్ ఈజ్ హార్డ్‌లీ ద టైమ్'. ఇక్కడ కొలత లేదు, మర్యాదగా కాదనడం ఉంది. 'అందులో ఆశ్చర్యమేముంది', 'ఇదా సమయం' అని చదువుకోండి, సరిపోతుంది.

వ్యాకరణమిత్ర:
పైన రాసినవన్నీ సరైనవే, ఒక్క విషయం కలుపుతాను. హార్డ్‌లీలోనే 'లేదు' ఇమిడి ఉంది కాబట్టి ప్రామాణిక ఇంగ్లీష్‌లో దాంతోపాటు నాట్ పెట్టరు. 'ఐ కాంట్ హార్డ్‌లీ హియర్' అని కొందరు మాట్లాడేటప్పుడు అంటారు గానీ పరీక్షల్లో, ఉత్తరాల్లో 'ఐ కెన్ హార్డ్‌లీ హియర్' అనే రాయండి. వాక్యం చివర 'కదా' చేర్చేటప్పుడు కూడా దీన్ని నెగటివ్‌గానే లెక్కిస్తారు: 'హి హార్డ్‌లీ స్పీక్స్, డజ్ హి?' అంటారు, డజంట్ అనరు. ఇక హార్డ్‌లీ ఎనీ అంటే ఒకటీ అరా, హార్డ్‌లీ ఎవర్ అంటే ఎప్పుడో గానీ.

అక్షరప్రియ:
'ఇదా సమయం' అని చదవగానే సగం చిక్కులు విడిపోయాయి, చాలా థాంక్స్! ఇంకొక్కటి అడుగుతాను. 'హార్డ్‌లీ హాడ్ హి శాట్ డౌన్ వెన్ ద ఫోన్ రాంగ్' అని ఉంది. ప్రశ్న కాకుండానే హాడ్ ముందుకెందుకు వచ్చింది?

వ్యాకరణమిత్ర:
నెవర్, సెల్డమ్, హార్డ్‌లీ లాంటి మాటలతో వాక్యం మొదలైతే సహాయక క్రియ కర్త కంటే ముందుకు వస్తుంది. మాట్లాడేటప్పుడు తక్కువ, రాతలో ఎక్కువ. తెలుగులో దీనికి చక్కటి పలుకుబడి ఉంది: 'అతను అలా కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది.' ఇదే అర్థంలో నో సూనర్ వాడితే దాని వెంట 'దాన్' వస్తుంది, హార్డ్‌లీ వెంట మాత్రం వెన్ రాయడమే మంచిది.