టోంగరీరో నడక, వాంగనుయి పడవ: వెంటవెంటనే పెట్టుకోవచ్చా?

ప్రశ్న:
నమస్కారం అండీ. జనవరిలో న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లో ఉన్న మా అక్కావాళ్లింటికి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పదహారేళ్ల మేనల్లుడు. ఒకరోజు టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అనే అగ్నిపర్వతాల మీది కొండదారి నడిచి, మర్నాడు పొద్దున్నే వాంగనుయి నదిలో మూడు రోజుల కనూ (తెడ్లతో నడిపే చిన్న పడవ) ప్రయాణం మొదలుపెట్టాలని ప్లాన్. మా ఆవిడకి ఈత రాదు. అగ్నిపర్వతం అనేసరికి అమ్మకి ఒకటే టెన్షన్. మేం శాకాహారులం. వెళ్లొచ్చినవాళ్లు సలహా చెప్పగలరు.

జవాబు:
నమస్తే తమ్ముడూ. నేను న్యూజిలాండ్‌లోనే ఉంటాను, రెండూ చేశాను. మర్నాడే నది వద్దు. కొండదారి దూరం దాదాపు 20 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటల నడక. మోకాళ్లు ఎలా ఉన్నాయో తెల్లారితే గానీ తెలీదు. అంతకంటే ముఖ్యం వాతావరణం. వేసవిలో కూడా పైన గాలి నిలబడనివ్వదు, ఒక్కోసారి మంచు కురుస్తుంది. అందుకని నది తేదీలు ఖాయం చేసుకుని, దానికి ముందు మూడు రోజులు కొండకి వదిలేయండి. వాటిలో బాగున్న రోజు నడవండి, మిగిలిన రోజులు పడుకోండి. తేదీ మార్చుకోనిచ్చే షటిల్ బస్సునే బుక్ చేయండి. సీజన్‌లో, నడక మొదలయ్యే మంగటెపోపో దగ్గర కారు నాలుగు గంటలకి మించి ఉంచనివ్వరు. పైగా నడక ముగిసేది అవతల కెటెటాహి వైపు.

అమ్మగారి భయం ఉత్తది కాదు. 2012 ఆగస్టులో, మళ్లీ నవంబర్‌లో టోంగరీరో మీదున్న టె మారి అగ్నిబిలం పేలింది. నవంబర్‌లో పేలినప్పుడు దారిలో జనం ఉన్నారు. అయితే జియోనెట్ సంస్థ ఈ కొండల్ని నిత్యం కనిపెట్టి 0 నుంచి 5 వరకు హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. బయల్దేరే రోజు అది చూసుకోండి. నిజంగా కష్టపెట్టేది రెడ్ క్రేటర్ అనే అగ్నిబిలం అంచు. 1,886 మీటర్లు, దారిలో ఎత్తైన చోటు అదే. అక్కణ్ణుంచి పచ్చటి ఎమరాల్డ్ చెరువుల వైపు దిగేటప్పుడు కాలి కింద రాళ్లపొడి జారిపోతుంది. పట్టున్న బూట్లు, చేతికర్ర ఉండాలి. దారిలో తాగునీరు దొరకదు, మనిషికి రెండు మూడు లీటర్లు మోసుకెళ్లండి.

ఆ చెరువుల నీళ్లు ముట్టుకోకండి, న్గౌరుహోయే శిఖరం ఎక్కకండి. అవి ఇక్కడి మూలవాసులైన మావోరీలకు పవిత్రం. 1887లో తూఫరెతోవా తెగ పెద్ద హోరోనుకు ఈ శిఖరాల్ని దేశానికి అప్పగించాడు. నేషనల్ పార్క్ పుట్టింది అలాగే. మా పిల్లలకి ఈ సంగతి చెప్పాకే తీసుకెళ్లాను.

ప్రశ్న:
చాలా థాంక్స్ అక్కా. నది సంగతి?

జవాబు:
మూడు రోజులంటే ఫకహోరో నుంచి పిపిరికి దాకా, సుమారు 87 కిలోమీటర్లు. కనూ అద్దెకిచ్చేవాళ్లే దింపి, చివర ఎక్కించుకుంటారు. హట్లు (రాత్రి బసకి చిన్న ఇళ్లు), టెంట్ స్థలాలు ముందే బుక్ చేయాలి, జనవరిలో ఆఖరి నిమిషానికి దొరకవు. ప్రవాహం మరీ ఉధృతం కాదు గానీ బోల్తా పడటం మామూలే, ముఖ్యంగా పిపిరికి చేరేముందు వచ్చే ఫిఫ్టీ-ఫిఫ్టీ అనే సుడుల చోటు దగ్గర. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్‌తో వెళ్తుంటారు. కానీ మీ ఆవిడ ఆక్లండ్‌లో ఒకసారి జాకెట్ వేసుకుని లోతు నీళ్లలో తేలి చూడాలి. నీళ్లలో పడగానే కంగారు పడితే జెట్ బోట్‌లో వెళ్లి బ్రిడ్జ్ టు నోవేర్ చూసి రండి. 1936లో కట్టారు, కొన్నేళ్లకే ఆ లోయలో ఊరు ఖాళీ అయిపోయింది. అడవి నడుమ వంతెన ఒక్కటే మిగిలింది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. సాయంత్రం పడవని ఒడ్డునే వదిలి పడుకున్నాం. మా దగ్గర చినుకు కూడా లేదు. ఎగువన ఎక్కడో వాన పడి, తెల్లారేసరికి నీళ్లు పడవ దాకా వచ్చేశాయి. ఇంకో గంట నిద్రపోతే పడవ పోయేది. ఎంత అలిసినా పైకి లాగి, చెట్టుకి కట్టండి.

నది ఒడ్డున టీకె కైంగా అనే హట్‌లో బస దొరికితే వదలకండి. అది మావోరీల మరాయె (వాళ్లు కలుసుకునే పవిత్ర స్థలం) కూడా, అక్కడి పద్ధతి ప్రకారం నడుచుకోవాలి. 2017 చట్టం ఈ నదికి మనిషికున్నట్టే చట్టపరమైన హక్కులిచ్చింది. ‘నేనే నది, నదే నేను’ అనేది వాళ్ల మాట.

తిండికి ఇబ్బంది లేదు. కొండకి పులిహోర, నదికి ఉప్మా రవ్వ, అటుకులు, పప్పు. అన్నీ మూత బిగించే డ్రమ్ముల్లో పెట్టాలి. ఇండియా నుంచి తెచ్చే పచ్చడి, పొడి ఏదైనా ఎయిర్‌పోర్ట్‌లో ఫారంలో రాయండి. దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె అసలు తేవద్దు.

ప్రశ్న:
అక్కా, మేనల్లుడు నేను ఒక కనూలో, ఆవిడ వేరేవాళ్లతో ఎక్కొచ్చా?

జవాబు:
వద్దు. ఆవిడని మీ పడవలో ముందు కూర్చోబెట్టండి, వెనక నుంచి దారి తిప్పేది మీరు. ఆక్లండ్ నుంచి మీ బావగారు కూడా వస్తే, మేనల్లుణ్ణి ఆయనతో ఎక్కించండి.