సమస్యాపూరణం: చెట్టు తల్లి యయ్యె శిశువునకును

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

చెట్టు తల్లి యయ్యె శిశువునకును

షరతు ఒక్కటే. పూరణ జపాను చెట్ల కథల్లోంచి రావాలి. మన వేపచెట్టు అమ్మవారిని తెచ్చి అతికిస్తే ఒప్పుకోను. కొత్తవారికి కాస్త సరుకు: 1776లో తొరియామా సెకియెన్ అచ్చు వేయించిన దెయ్యాల బొమ్మల పుస్తకం మొదలయ్యేదే కొదామాతో, అంటే చెట్టు ఆత్మతో. చెట్టు దగ్గర పండు ముసలి జంట నిలబడి ఉంటుంది. నూరేళ్ల చెట్టులో దైవం ఉంటుందని, అది రూపం చూపిస్తుందని పక్కనే రాశాడు. కొండల్లో మన కేకకు బదులు పలికేది కూడా కొదామాయే అనేవారు. ఇక కానివ్వండి.

గోదారిగాలి:
దుంగ లాగలేరు దొరలెల్లఁ గూడియు
చిన్ని కొడుకు లాగఁ జిటికె లోనఁ
గదలెఁ, గడుపు తీపి కాదన్న దెవ్వరు?
చెట్టు తల్లి యయ్యె శిశువునకును

నిర్వాహకుడు: గోదారిగాలి గారూ, ఓర్యూ కథ పట్టారు, భేష్. తెలియనివారి కోసం: ఓర్యూ ఒక విల్లో చెట్టు ఆత్మ. మనిషిని పెళ్లాడి కొడుకును కన్నది. క్యోటోలో సంజూసన్‌గెందో గుడి దూలానికి ఆ చెట్టునే కొట్టమన్నారు. అక్కడ గొడ్డలి దెబ్బ పడుతుంటే ఇక్కడ ఇంట్లో ఆవిడ విలవిల్లాడుతుంది. 1164లో వెలసిన ఆ గుడి పొడవు సుమారు 120 మీటర్లు, దూలానికి మామూలు చెట్టు చాలదు మరి. 1760లో ఒసాకాలో ఈ కథను బొమ్మలాటగా ఆడారు. పద్యంలో ఒక్కటే నాకు గుచ్చుకుంది. దొరలు దుంగలు లాగరండీ, లాగించేవాళ్లు. ఆ మాట యతి కోసం వచ్చి కూర్చుంది.

గోదారిగాలి: 'దుంగ లాగలేరు దొడ్డ బంట్లెల్లరు' అంటే?

నిర్వాహకుడు: హాయిగా ఉంది. ఉంచేయండి.

పద్యపిచ్చి:
వెదురు గడను జీల్చ వెన్నెల పాపాయి
తాత కంటఁ బడియెఁ దళుకు లొలుక
మూఁడె యంగుళముల ముద్దుల మూటకు
చెట్టు తల్లి యయ్యె శిశువునకును

చిన్నయతి: ధార బాగుంది కానీ వెదురు గడ్డిజాతి కదా! పైగా వెదురులో దొరికిన ఆ కథలోని కగుయా చంద్రలోకం పిల్ల. వెదురు ఆమెకు తల్లి ఎలా అవుతుంది? మహా అయితే ఉయ్యాల తొట్టి.

పద్యపిచ్చి: కవి కంటికి గడ్డీ చెట్టే సార్.

నిర్వాహకుడు: చిన్నయతి గారి మాటే నాదీను. పద్యానికి మార్కులు, పూరణకు సగం మార్కులు.

మల్లెతీగ:
పువ్వు ముఖము దాల్చె బుజ్జి పాపను బోలి
నవ్వి నవ్వి నవ్వి నేల రాలు
మాటరాని దాని మందహాసము చూచి
చెట్టు తల్లి యయ్యె శిశువునకును

నిర్వాహకుడు: జిన్‌మెన్‌జు! మనిషి ముఖాల పూలు పూసే చెట్టు. మాట్లాడవు, నవ్వుతాయి. మరీ నవ్వితే వాడి రాలిపోతాయి. రెండో పాదంలో యతి తప్పింది తల్లీ, న-నే కుదరదు. 'నవసి రాలు' అంటే యతీ నిలుస్తుంది, పువ్వు వాడడమూ వచ్చేస్తుంది. అయితే ఈ చెట్టు జపాను మట్టిలో పుట్టింది కాదు. చైనా గ్రంథాల మీదుగా దిగుమతైన ముచ్చట.

ఇసుకతిన్నె:
పోరిలోనఁ దండ్రి పొలియఁగా నెత్తురు
పాలువోలెఁ గుడిచి బలిసినట్టి
కొమ్మ చాచి యూఁపెఁ గొడుకు నుయ్యాలగా
చెట్టు తల్లి యయ్యె శిశువునకును

మల్లెతీగ: అమ్మో, చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

చిన్నయతి: జుబొక్కో, అంటే ఈ నెత్తురు తాగే చెట్టు, కొమ్మ చాచేది జోల పాడటానికి కాదు. దారిన పోయేవాణ్ణి పట్టి, కొమ్మలు గుచ్చి రక్తం పీల్చడానికి. ఆ బిడ్డ గతి ఏమిటో కవిగారు చెప్పలేదు.

ఇసుకతిన్నె: చెప్పకపోవడమే నా పూరణ. తండ్రి నెత్తురు తాగిన చెట్టుకు బిడ్డ మీద ఏ కొసనో మమకారం పుట్టిందనుకోండి. లేదంటే ఆకలి. పాఠకుడి ఇష్టం.

నిర్వాహకుడు: ఈ వారానికి నా ఓటు దీనికే. 'పాలువోలె' అన్న ఒక్క మాటతో తల్లీబిడ్డల వరసను తిరగేశారు. ముందు పాలు తాగింది చెట్టు. యుద్ధభూమిలో పెరిగే ఈ జుబొక్కో సెకియెన్ బొమ్మల్లో లేదు. 20వ శతాబ్దంలో దెయ్యాల బొమ్మకథల రచయిత మిజుకి షిగెరు పుస్తకాలతో పేరుకెక్కింది. జానపదం అంటే అంతా వెయ్యేళ్ల నాటిదేనని నమ్మేవాళ్లు గమనించగలరు.

పద్యపిచ్చి: ఈసారి అసలు సిసలు చెట్టు తెచ్చాను. ఒకినావా దీవుల చెట్టు దెయ్యం కిజిమునా.

చేఁప కన్ను మెక్కి చెంగున గంతిడి
మఱ్ఱితొఱ్ఱఁ దూఱు మాయగాఁడు
ఎఱ్ఱజుట్టుతోడ నెగిరెడి వానికి
చెట్టు తల్లి యయ్యె శిశువునకును

నిర్వాహకుడు: ఇప్పుడు పూర్తి మార్కులు. కిజిమునా ఉండే గజుమారు చెట్టు మన మర్రి కుటుంబమే కాబట్టి 'మఱ్ఱితొఱ్ఱ' చెల్లుతుంది. వాడు పిల్లాడి సైజులోనే ఉంటాడు కనుక 'శిశువు' కూడా నప్పింది. కానీ చేపకళ్లు తినేవాడికి ఆక్టోపస్ అంటే హడల్ అన్న సంగతి వదిలేశారే! అదొక్కటి పడి ఉంటే ఇసుకతిన్నె గారికి గట్టి పోటీ.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే, జపాను ఒంటికాలి గొడుగు దెయ్యం మీద:

గొడుగు గంతువేసె గుండె లదర