ఫోనులో బిల్లు కనిపిస్తోంది, వీధిలో కాలువ కనిపించడం లేదు: ఎవరిని, ఎలా అడగాలి?

ప్రశ్న (నరసన్నపేట దగ్గరి ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న పంచాయతీ. ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో పని చేస్తున్నాను, అమ్మ ఊళ్లోనే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు మా ఇంటి ముందు మురుగునీరు నిలిచి ఉంది. కొత్తగా కట్టిన సిమెంటు కాలువ రామాలయం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చివరన ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. పిల్లలకు గుచ్చుకుంటాయని ఎవరో వాటికి కొబ్బరి చిప్పలు తొడిగారు.

తిరిగి వచ్చాక ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో మా పంచాయతీ వివరాలు వెతికాను. మురుగు కాలువ పనికి డబ్బు చెల్లించినట్టు ఉంది. పని పేరులో మా వీధి పేరే ఉంది. దాన్ని ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టబోయి ఆగాను. సర్పంచ్ గారు మాకు వరసకు మేనమామ. పెడితే అమ్మకు ఇబ్బంది, పెట్టకపోతే ఆ నీళ్లలో దోమలు. ఇంత దూరం నుంచి నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు (పంచాయతీ కార్యదర్శిగా పని చేసి రిటైరైన సభ్యుడు, విజయనగరం)

బాబూ, గ్రూపులో పెట్టకుండా ఆగి మంచి పని చేశావు. ముందు నువ్వు చూసింది ఏమిటో అర్థం చేసుకో.

ఆ వెబ్‌సైట్ 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ అవసరం లేకుండానే ఎవరైనా ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని ప్రణాళికలో ఏ పనులు పెట్టారో, దేనికి ఎంత చెల్లించారో చూడవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇదంతా బీరువాలో తాళం వేసి ఉండేది. ఊరివాళ్లు అడగడానికే భయపడేవారు. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని నువ్వు చూడగలిగావు, ఇది చిన్న మార్పు కాదు.

అయితే అక్కడ కనిపించేది చెల్లింపు మాత్రమే, కొలత కాదు. ఒకే పనిని రెండు ముక్కలుగా రెండు వీధుల్లో చేసి, పేరు మాత్రం ఒక వీధిది రాయడం నేను చాలాసార్లు చూశాను. అందుకే తొందరపడి ఎవరినీ దొంగ అనకూడదు. ఎన్ని మీటర్లు కట్టారు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది ఎం.బుక్‌లో ఉంటుంది. ఇంజినీరు కొలిచి రాసే పుస్తకం అది. ఆ పేజీల నకలు నీ చేతికి రావాలి.

జవాబు (సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే సభ్యురాలు, ఆమదాలవలస)

ఎం.బుక్ నకలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు తమ్ముడూ. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర లేదు, 6(2) సెక్షన్ ఆ మాటే చెబుతుంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తప్పు కార్యాలయానికి పంపినా ఫరవాలేదు, 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే బదిలీ చేయాలి. కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ వెబ్‌సైట్‌లో మాత్రం పెట్టకండి, అది కేంద్ర కార్యాలయాలకే. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. హైదరాబాద్ నుంచే పంపవచ్చు.

"కాలువ పనిలో అవినీతి జరిగిందా?" అని రాస్తే జవాబు రాదు, అది సమాచారం కాదు. "ఫలానా వోచరు నంబరు పనికి సంబంధించిన అంచనా, ఎం.బుక్ పేజీలు, బిల్లు, వీటి ధ్రువీకరించిన నకళ్లు" అని రాయండి. ఆ చెల్లింపు వోచరు నంబరు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది కదా, ఇంటర్నెట్ ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. వెనకటి రోజుల్లో ఏ పుస్తకం అడగాలో తెలియక సగం దరఖాస్తులు వృథా అయ్యేవి.

30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇంకో మాట, ఆ చట్టంలో 2(జె) చదవండి. కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది. వీలైతే మీ ఒక్కరి పేరు మీదే కాకుండా వీధిలో మరో ఇద్దరి చేత కూడా వేయించండి. ముగ్గురు అడిగితే అమ్మగారి మీద ఒత్తిడి తగ్గుతుంది.

ప్రశ్న (రాజాం)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. శ్రీకాకుళం జిల్లాలో వెతికితే మా పంచాయతీ కనిపించడం లేదు.

జవాబు (ఆమదాలవలస సభ్యురాలు)

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి వెళ్లింది కదండీ, అక్కడ చూడండి. పాలకొండ, సీతంపేట వైపు వాళ్లు పార్వతీపురం మన్యంలో చూడాలి. పాత సంవత్సరాల లెక్కలు ఒక జిల్లాలో దొరక్కపోతే రెండో జిల్లాలో కూడా వెతకండి.

జవాబు (టెక్కలి)

ఇంత శ్రమ ఎందుకండీ? ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోను చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలకు మన మిత్ర వాట్సాప్ కూడా వచ్చింది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు.

జవాబు (విజయనగరం)

ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. వీధి దీపం, పింఛను, ధ్రువపత్రం లాంటివాటికి అదే దగ్గరి దారి. కానీ అర్జీ పెట్టినవాడికి, అధికారికి మధ్య నడిచే వ్యవహారం అది. "పరిష్కరించాం" అని ఫోనుకు సందేశం వస్తుంది, నీళ్లు అలాగే ఉంటాయి, పక్కింటివాళ్లకు ఆ సంగతే తెలియదు. కాలువ ఊరందరిదీ. గ్రామసభలో అందరి ముందు అడిగితే, అందరి ముందు జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగినప్పుడు దగ్గరుండి చూశాను. ఊరి కుర్రవాళ్లే మస్టర్లు, అంటే పని హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "అమ్మా, నీ పేరున ఇన్ని రోజులు పని రాశారు, చేశావా?" అని అడిగేవారు. తర్వాత సభలో పైకి చదివేవారు. చదువు రాని ముసలమ్మ లేచి, "నేను ఆ వారం పుట్టింటిలో ఉన్నాను" అన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కాగితం అంతకుముందు కూడా ఉంది. ఆమెకు వినిపించేలా చదివాకే పని చేసింది. ఇంటర్నెట్‌లో ఉన్న లెక్క కూడా అంతే. మీ వీధిలో ఫోను చూడని వాళ్లు ఎందరున్నారో ఆలోచించు. వాళ్లకోసం ఆ పేజీని ప్రింటు తీయించి చదివి వినిపించాలి.

రాజ్యాంగం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. వార్డు సభ్యులే మాట్లాడాలని ఎక్కడా లేదు. నీ ఓటు ఊళ్లో ఉంటే నువ్వూ సభ్యుడివే, అమ్మ ఎలాగూ సభ్యురాలే. అడిగిన ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో రాయించి, సంతకాలకు ముందు ఆ పేజీ ఫొటో తీసుకోండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు (రెండున్నర నెలల తర్వాత)

అందరికీ నమస్కారం, జరిగింది చెబుతాను. నాతో పాటు మా వీధి నుంచి ఇద్దరు దరఖాస్తు చేశారు. 26వ రోజున నకళ్లు వచ్చాయి. విజయనగరం పెద్దాయన ఊహించినట్టే రెండు ముక్కలున్నాయి. మా వీధిలో 58 మీటర్లు, ఎస్సీ కాలనీలో 46 మీటర్లు. మేస్త్రీ టేపు తెచ్చి కొలిస్తే మా వీధిలో లెక్క సరిగ్గానే ఉంది. రామాలయం దాకానే మంజూరైందట. మేనమామ తప్పేమీ లేదు. ఆ రోజు గ్రూపులో పెట్టి ఉంటే ఆయన ముఖం ఎలా చూసేవాడినో తెలియదు.

కాలనీలో మాత్రం కొలవడానికి కాలువే లేదు. మా వీధి గురించి మొదలుపెట్టిన నాకు ఆ వీధి సంగతి అప్పటిదాకా తట్టనే లేదు, అందుకు బాధపడ్డాను. ఎం.బుక్ నకలును పెద్ద అక్షరాలతో జెరాక్స్ తీయించి అమ్మకు పంపాను. అమ్మ దాన్ని పొదుపు సంఘం సమావేశంలో చదివించింది. ఏప్రిల్ 14న గ్రామసభకు కాలనీ నుంచి పాతిక మంది ఆడవాళ్లు వెళ్లారు. ఒకామె నిలబడి, "46 మీటర్లు ఎక్కడుందో మాకు చూపించండి బాబూ, వచ్చి చూస్తాం" అని అడిగింది. నేను ఫోనులో వింటున్నాను. సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కార్యదర్శి ఆ ప్రశ్నను పుస్తకంలో రాశారు. ఫొటో నా దగ్గర ఉంది.

పది రోజుల కిందట కాలనీలో తవ్వకం మొదలైంది. నిన్న సాయంత్రానికి 20 మీటర్లు అయిందని అమ్మ చెప్పింది, కొలిచే టేపు కాలనీలోనే ఉంచారట. మా వీధి మిగతా భాగాన్ని వచ్చే ఏడాది ప్రణాళికలో పెట్టించాలి. అక్కా, దానికి దరఖాస్తు సభలోనే ఇవ్వాలా, ముందే ఇవ్వవచ్చా?

జవాబు (ఆమదాలవలస సభ్యురాలు)

ముందే రాసి ఇచ్చి రసీదు తీసుకోండి తమ్ముడూ. సభలో మళ్లీ అడిగించండి. ఈసారి ఆ దరఖాస్తు మీద కాలనీ వాళ్ల సంతకాలు కూడా ఉండేలా చూడండి.