ఉప్పు మడిలో ఏ అయాను దేనితో చేరాలో ఎలా తేలుతుంది?

ప్రశ్న (టెక్కలి నుండి ఒక తల్లి)

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) ఆవేశాలను అటుదిటు, ఇటుదటు మార్చి రాసే పద్ధతిలో లవణాల ఫార్ములాలు తప్పు లేకుండా రాస్తోంది. మొన్న ఆదివారం నౌపడ దగ్గర ఉప్పు మడి గట్టు మీద నిలబడి తను అడిగిన ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పలేకపోయాను. సముద్రపు నీటిలో సోడియం, మెగ్నీషియం, కాల్షియం, క్లోరైడు, సల్ఫేటు అయాన్లన్నీ కలగలిసి ఉంటాయి కదా, నీరు ఇగిరిపోయేటప్పుడు ఒక్కో మెగ్నీషియం అయాను సరిగ్గా రెండు క్లోరైడు అయాన్లనే ఎలా ఎంచుకుంటుంది? ఒకటి తక్కువైతే ఏమవుతుంది?

జవాబు 1 (రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం)

అమ్మా, చాలా మంచి ప్రశ్న. నీటిలో ఉన్నంతసేపు ఏ అయానుకూ సొంత జంట ఉండదు. ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు చేరి ఉంటాయి, అది స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. అయితే ఆ మడి నీరంతటిలో ఉన్న ధనావేశాల మొత్తం, ఋణావేశాల మొత్తం మొదటి నుంచీ సమానమే. కాబట్టి ఇగిరిన తరువాత ఏ ఆవేశమూ ఒంటరిగా మిగిలిపోదు.

ఇక లెక్క ఎవరు చూస్తారంటే, విద్యుదాకర్షణే చూస్తుంది. పెరుగుతున్న స్ఫటికం అంచున ధన అయాన్లు కాస్త ఎక్కువగా చేరితే, ఆ అంచు తరువాత వచ్చే ధన అయానును నెట్టివేసి ఋణ అయానును లాక్కుంటుంది. అందువల్ల లోటు ఏర్పడిన చోటే పూడిపోతుంది. మనం వంటలో వేసే కళ్ళుప్పులో ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడులు, ఒక్కో క్లోరైడు చుట్టూ ఆరు సోడియంలు ఉంటాయి. ఫలానా సోడియం ఫలానా క్లోరైడుదని వేలు పెట్టి చూపలేము. ఫార్ములా చెప్పేది ఆ నిష్పత్తినే. మెగ్నీషియం ఆవేశం +2, క్లోరైడు ఆవేశం -1 కనుక అక్కడ ఒకటికి రెండు తప్ప మరో నిష్పత్తి నిలవదు.

జవాబు 2 (నౌపడ, ఉప్పు పండించే కుటుంబం)

మాస్టారు చెప్పినదానికి మడిలో మేము చూసేది జోడిస్తున్నాను. అన్ని లవణాలూ ఒకేసారి దిగవు. నీరు చిక్కబడే కొద్దీ, తక్కువగా కరిగే కాల్షియం సల్ఫేటు ముందుగా జిప్సంగా అడుగున చేరుతుంది. చిక్కదనం బామె కొలతలో దాదాపు 25 డిగ్రీలకు వచ్చాక ఉప్పు పడుతుంది. మెగ్నీషియం లవణాలు బాగా కరుగుతాయి కనుక చివరి చేదు నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీటిని సమయానికి బయటికి వదలకపోతే ఉప్పుకు మెగ్నీషియం క్లోరైడు అంటుకుంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుని వానాకాలంలో బస్తాలను తడిపేస్తుంది.

జవాబు 3 (ప్రశ్న అడిగిన తల్లి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివి మా అమ్మాయి పటిక లెక్క వేయబోయి ఆగిపోయింది. అందులో పొటాషియం, అల్యూమినియం రెండూ ఉన్నాయి కదా, ఆవేశాలను దేనితో దేనికి మార్చాలి?

జవాబు 4 (రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు)

మార్చి రాసే పద్ధతి ఇక్కడ పనికిరాదు, మొత్తాలు కూడి చూడమనండి. పొటాషియం +1, అల్యూమినియం +3, కలిపి +4. సల్ఫేటు ఒక్కోటి -2 కనుక రెండు సల్ఫేట్లు కావాలి. స్ఫటికంలో వాటితో పాటు ఉండే 12 నీటి అణువులకు ఆవేశం లేదు కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు.